పట్టపురాయి దిగతుడుపు

కుసుమ మంచం పైన ఫ్యాను తిరగడానికి లేదు. రెక్క ఊడి మెడ మీద పడుతుందని ఆ పిల్ల భయం. కిటికీ తెరవడానికి లేదు. అన్నం ఎంత మెత్తగా పిసికి పెట్టినా గొంతుకి అడ్డం పడుతుందని పళ్ళు బిగించేస్తుంది. పెళ్ళీడు పిల్ల, మంచం పట్టెలు రెండు చేతులా పట్టుకుని, వరదలో కొట్టుకుపోతున్నదానిలా పడుకుని ఉంటుంది.

"అమ్మా, బాబ్జీ వచ్చేశాడా? వాడు బండి చాలా స్పీడుగా తోలతాడే."

"బాబ్జీ ఎవరమ్మా? మనింట్లో బాబ్జీ లేడు."

"ఏమో, నాకు తెలీదు. కానీ వాడింకా ఇంటికి రాలేదు."

అని ఏడుస్తుంది. ఎవరి కొడుకో తెలియని బాబ్జీ కోసం, ఎవరిదో మునిగిన పడవ కోసం, తను ఎప్పుడూ రాయని పరీక్ష కోసం, ఎక్కడో మంచుకొండల మీద పేలిన తుపాకీ కోసం, గజరాయపురంలో ఒక చిన్న పెంకుటింట్లో పడుకుని ఏడుస్తుంది. పక్కన తల్లి తవిటమ్మ కూతురి అరికాళ్ళు చేత్తో రుద్దుతూ కూర్చుంటుంది. ఇదంతా ఎక్కింది ఆ అరికాళ్ళలోంచే.

భయం సంగతి తవిటమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమెకి ముందు పుట్టినవాళ్ళు పురిట్లోనే పోతే, ఈ పిల్లయినా దక్కాలని వాళ్ళమ్మ చేటెడు తవుడుకి పక్కింటావిడకి అమ్మి, మళ్ళీ తెచ్చుకుని ఆ పేరు పెట్టింది. పెళ్ళయ్యాక, లారీ తోలే మొగుడు ఘాటీ రోడ్డు దిగి ఇంటికొచ్చిన రోజు తప్ప ఆమెకి కునుకు లేదు. ఒకసారి అతను రానే లేదు. ఆ తర్వాత జాకెట్లు కుట్టి కూతుర్ని డిగ్రీ దాకా చదివించింది. గ్యాసు కట్టేసిందో లేదోనని వీధి చివరి దాకా వెళ్ళి వెనక్కొచ్చి చూసుకునేది. కాలేజీ బస్సు కాస్త ఆలస్యమైతే వీధిమొగలో వెళ్ళి నిలబడేది. "మీ అమ్మ అప్పుడే స్తంభంలా పాతుకుపోయిందే" అని కుసుమ స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు.

కోట నడుమ చావడిలో ఒక నల్లరాయి ఉంది. మోకాలెత్తుంటుంది, పైన రెండు పాదాలు పట్టేంత నునుపు. ఆ సంస్థానంలో రాజైన ప్రతివాడినీ దాని మీద నిలబెట్టే తలపాగా చుట్టేవారు. పట్టపురాయి అంటారు. ఆ వంశంలో చివరివాడు రామభద్రరాజు. పెద్ద చదువులు చదివి డాక్టరై వచ్చి, ఆ రాయి చుట్టూ రాగితీగలు బిగించి, కోటలోనే అభయ కేంద్రమని ఒకటి తెరిచాడు. భయంతో బతకలేనివాళ్ళు తడికాళ్ళతో రాయెక్కి, తేలికపడి దిగేవాళ్ళు. తుఫానులో పడవ మునిగి బయటపడ్డవాళ్ళు మళ్ళీ వేటకి వెళ్ళారు. సరిహద్దు నుంచి వచ్చిన సైనికులు కంటి నిండా నిద్రపోయారు. ఊరంతా ఆయనకి దణ్ణం పెట్టింది. కుసుమకి అక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం తవిటమ్మకి బెంగ పట్టుకుంది.

"రాయి షాకు కొట్టదేటే?"

"కొట్టదమ్మా. దడ ఎక్కువున్న చోట నుంచి తక్కువున్న చోటికి పారుతుంది, నీళ్ళలాగే. రాయికీ మనిషికీ మధ్య ఎప్పుడూ పారుతూనే ఉంటుందిట, చీమనడకంత. సారు యంత్రం దాన్ని ఏరులా పారిస్తుంది."

"అంతమంది పోస్తే రాయి నిండిపోదేటి?"

కుసుమ కంచం ముందు పగలబడి నవ్వింది. "రాయి నిండిపోతుందని కూడా బెంగేనా నీకు! భూమిలోకి పోతుందని చెప్పారు సారు. ఒకసారి నువ్వూ వచ్చి నిలబడమ్మా, నీ పీడా నా పీడా వదులుతుంది."

"నా భయం తీయించేసుకుంటే నిన్నెవరు చూస్తారే?" అని తవిటమ్మ ఇంకో గరిటె పులుసు పోసింది.

పొద్దున్నే రోగులు రాకముందు, యంత్రం వేసి ఆ రాయి మీద కాసేపు నిలబడటం కుసుమ పని. రాయి బాగుందో లేదో సరిచూడటమని చెప్పారు. "రాజులు జన్మకోసారి ఎక్కిన రాయిని నేను రోజూ ఎక్కుతున్నానమ్మా" అని మురిసిపోయేది పిల్ల.

చలికాలం వచ్చి కుసుమ మడమలు పగిలాయి. తవిటమ్మ మైనం కరిగించి, కొబ్బరినూనె కలిపి, చిటికెడు పసుపు వేసి రోజూ పడుకోబోయే ముందు అరికాళ్ళకి పట్టించేది. ఆ మందు రాసినన్నాళ్ళూ పిల్ల ఎంతో హుషారుగా ఉంది. ఓ సాయంత్రం మొహం మాడ్చుకుని వచ్చింది.

"సారు కేకలేశారమ్మా. ఆ మందు రాసుకుని రాయి ఎక్కొద్దన్నారు. కుంకుడురసంతో కాళ్ళు తోమించి మరీ నిలబెట్టారు."

"రాయికి అపచారమేమోలే" అని తవిటమ్మ మందు గిన్నె అటక మీద పెట్టేసింది.

ఎండలు ముదిరేసరికి కుసుమ మంచం పట్టింది. రాయి మీదే మళ్ళీ నిలబెడితే దిగుతుందేమోనని ఆటోలో తీసుకెళ్ళారు. కోట గేటు కనబడగానే పిల్ల బిగుసుకుపోయి, ఊపిరి ఆడక, పెదవులు నల్లబడితే వెనక్కి తిప్పేశారు.

అప్పుడు తవిటమ్మ ఒక్కతే వెళ్ళింది డాక్టరుగారి దగ్గరికి.

ఆయన చావడిలోనే కుర్చీ వేయించాడు. మంచినీళ్ళిప్పించాడు. మాట మర్యాదగానే ఉంది.

"తవిటమ్మగారూ, ఇది మీ రక్తంలో ఉన్నదండి. మీరెంత భయస్తులో ఊరంతా చెబుతారు. తల్లి నుంచి పిల్లకి వచ్చింది. మా రాయి ఏం చేస్తుంది?"

తవిటమ్మ కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ వైపు చూసింది. గోడ మీద పాత పట్టాభిషేకం బొమ్మ ఉంది. గొడుగు కింద తలపాగాతో కొత్తరాజు నడిచిపోతున్నాడు. ఆయన దిగిన రాయి మీద వెనక ఒక ఆడమనిషి తల వంచుకుని నిలబడి ఉంది. చిత్రకారుడు ఆమెకి మొహం వెయ్యలేదు.

"ఆవిడెవరు బాబూ?"

"ఆవిడా? దిగతుడుపు మనిషి." చెప్పడానికి ఆయనకి సరదాగానే ఉంది. "గద్దెనెక్కే రోజు ఏ రాజుకైనా లోపల వణుకుంటుంది కదా. ఆ వణుకు రాయిలోకి దిగుతుందని వాళ్ళ నమ్మకం. కోట కింద గుడిసెల్లోంచి ఒకామెని తెచ్చి ఆ తర్వాత నిలబెట్టేవారు. కొత్తచీర పెట్టి పంపేవారు. పాతకాలపు చాదస్తం."

పిల్లకి దిష్టి తగిలితే ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పడేస్తాం. పడేసినవాటి గతి ఏమైందని ఎవరూ చూడరు. తవిటమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"మైనం మందు ఎందుకొద్దన్నారు బాబూ మా పిల్లని?"

ఆయన బల్ల మీద ఉన్న పేపర్ వెయిట్‌ని అటు నుంచి ఇటు జరిపాడు.

"జిడ్డు అంటుతుందని" అన్నాడు.

ఆ ఒక్క క్షణం ఆగడంతో తవిటమ్మకి అంతా తెలిసిపోయింది. మైనం ఉంటే ఏదీ ఎక్కదు. మైనం లేని కాళ్ళు కావాలి ఆయనకి. రాయి నిండుతుందనీ, దాన్ని రోజూ ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలనీ ఆయనకి మొదటి నుంచీ తెలుసు.

స్టేషన్‌కి వెళ్తే హెడ్డుగారు పెన్ను చెవిన పెట్టుకుని, "రాయి మీద కేసేటమ్మా? వారెంటు పట్టుకెళ్తే ఎక్కడ సంతకం పెడుతుందది?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది తవిటమ్మ. జన్మంతా ఆమె బాగా నేర్చుకున్న విద్య ఒక్కటే, జరగబోయే కీడుని కళ్ళకి కట్టినట్టు ఊహించడం. ఇన్నాళ్ళూ తనవాళ్ళ కోసం ఊహించింది. ఇప్పుడు మొదటిసారి పరాయివాడి కోసం మొదలుపెట్టింది. డాక్టరు కారు ఘాటీలో బోల్తా కొట్టినట్టు అనుకుంది. మేడమెట్ల మీద కాలు జారినట్టు అనుకుంది. పాము కరిచినట్టు అనుకుంది. ఏదీ నచ్చలేదు. అన్నీ చిటికెలో అయిపోయేవే. చచ్చినవాడికి భయమేముంటుంది? వాడు బతకాలి. పచ్చగా, వందేళ్ళు, తనలాగా బతకాలి. అలా అనుకోగానే మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

దసరా దగ్గర పడింది. అభయ కేంద్రానికి కొత్త మేడ తెరుస్తూ రామభద్రరాజు పట్టాభిషేకం చేసుకుంటున్నాడని ఊరంతా పాకింది. ఉత్తుత్తిదే. తాతల తలపాగా చుట్టుకుని, టీవీల ముందు, యంత్రం వేసి ఉన్న రాయి మీద నిలబడతాడు. రాజైనా భయాన్ని దించుకోవాల్సిందేనని లోకానికి చూపిస్తాడట. అంతకుముందు అదే వేదిక మీద ఒకరికి భయం తీసి చూపిస్తారట. తవిటమ్మ ఉండే మేదరవీధిలో జనం కుసుమ గురించి గుసగుసలాడుకుంటున్నారని ఆయన చెవిని పడినట్టుంది, తవిటమ్మ కోసం కారు పంపాడు.

కారు వెంట వచ్చిన మేనేజరు, "అమ్మా, కోపాలు పెట్టుకోకండి. మీ భయం ఊరికే తీసేస్తారు" అన్నాడు.

"కోపమేటి బాబూ" అంది తవిటమ్మ. "రాజుగారు పిలిస్తే రాకుండా ఉంటానేటి?" అటకెక్కి మందు గిన్నె దించి చెంగులో మూటకట్టుకుంది. మంచం దగ్గర పక్కింటి పార్వతీశాన్ని కూర్చోబెట్టి బయల్దేరింది.

కోటలో ఆడవాళ్ళ గదిలో గౌరీశ్వరి అనే కొత్తమ్మాయి కాళ్ళు కడుక్కుని కూర్చుని ఉంది. ఇప్పుడు పొద్దుటిపూట రాయెక్కుతున్నది ఆ పిల్లే. వేడుక కదా, పాదాలకి పారాణి పెట్టుకోమన్నారట.

"నేను పెడతాన్రా తల్లీ, కాలు ఇలా ఇయ్యి" అంది తవిటమ్మ. "నువ్వెప్పుడు ఎక్కుతావు?"

"మీ తర్వాతే పిన్నీ. మీరు దిగాక నేను సరిచూసి వస్తాను. ఆ తర్వాత సారు ఎక్కుతారు." పిల్ల గొంతు తగ్గించింది. "పిన్నీ, రెండు వారాల నుంచి నాకు మేడమెట్లు చూస్తే కాళ్ళు వణుకుతున్నాయి. మా ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. బాబ్జీ అనే పేరు వింటే ఏడుపొస్తోంది. నాకు బాబ్జీ ఎవరో తెలీదు కూడా."

తవిటమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం గిన్నె మూత తీసి ఆ పిల్ల అరికాళ్ళ నిండా, వేళ్ళ సందుల్లో కూడా, మైనం మందు దట్టంగా పట్టించింది. దాని మీద పారాణి పూసింది.

"ఏంటి పిన్నీ ఇది?"

"పగుళ్ళకి మందు. ఎవరడిగినా పారాణి అని చెప్పు. ఎక్కి నిలబడి దిగు. ఇవాళ నువ్వేమీ మొయ్యక్కర్లేదు. రేపటి నుంచి ఉద్యోగానికి రాకు."

పిల్ల ఆమె మొహంలోకి చూసి, ఇంకేం అడగకుండా తలాడించింది.

తవిటమ్మ పేరు పిలిచారు. సన్నాయి ఆగింది. పళ్ళెంలో నీళ్ళతో కాళ్ళు తడిపారు. పొద్దుటి నుంచీ ఎక్కి దిగినవాళ్ళ దడతో రాయి వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా. ఆ వేడి తనలోకి ఎక్కుతుందేమోనని లిప్తపాటు అనుకుంది. రాలేదు. రాయి దగ్గరకంటె తన దగ్గరే ఎక్కువుంది మరి.

ముందు తవుడు చేట జారిపోయింది. నూతి గట్టు జారిపోయింది. కిరసనాయిలు స్టవ్వు, ఘాటీ మలుపులు, అర్ధాంతరంగా ఆగిన లారీ హారను, ఊసుపోక ఊహించుకున్న పాములూ తేళ్ళూ ఒక్కొక్కటే అరికాళ్ళలోంచి దిగిపోయాయి. చంటిపిల్లప్పుడు కుసుమకి వచ్చిన కోరింతదగ్గు దిగిపోయింది. చివరికి ఒక్కటి మిగిలింది. మంచం మీద పడుకున్న ఈ కుసుమకి ఏమవుతుందో అన్నది. అది ఒక్కటీ ఉంచుకుందామని తవిటమ్మ కాలివేళ్ళు ముడిచింది. రాయి ఉంచుకోనివ్వలేదు.

"ఎలా ఉందండీ?" అని మైకు నోటి ముందు పెట్టారు.

"బాగుంది" అంది తవిటమ్మ. నిజంగానే బాగుంది. కడిగిన కుండలా ఉంది.

గౌరీశ్వరి ఎక్కి, నిలబడి, దిగింది. రాయిలో ఎంత దడ ఉందో చూపే మీటరు ముందు కూర్చున్నతను చప్పట్ల మోతలో తల కూడా ఎత్తలేదు. సన్నాయి అందుకుంది. రామభద్రరాజు జరీ అంగీలో, వట్టికాళ్ళతో వచ్చి, పళ్ళెంలో కాళ్ళు ముంచి, నవ్వుతూ రాయెక్కాడు. పురోహితుడు తలపాగా ఎత్తాడు.

నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత పైకి చూశాడు. పైన గాజుదీపం వేలాడుతోంది.

"ఆ దీపం ఊడేలా ఉంది. తియ్యండి. ముందది తియ్యండి!"

జనం నవ్వారు, అదీ వేడుకలో భాగమేమోనని. ఆయన రాయి దిగబోయి, దిగితే పడతానేమోనని ఆగిపోయాడు. ఒళ్ళంతా చెమట. ఆయన కళ్ళు జనంలో ఎవరినో వెతికి తవిటమ్మ మీద ఆగాయి. మైకు ఇంకా ముందే ఉంది.

"కుసుమ దగ్గర ఎవరున్నారు? గ్యాసు కట్టేసి వచ్చారా? పాప వెల్లకిలా పడుకుందా, పక్కకా? ఎవరైనా వెళ్ళి చూడండయ్యా!"

తలపాగా కింద పడింది. అందరూ లేచి నిలబడ్డారు. తవిటమ్మ మాత్రం కుర్చీలో కూర్చుని, ఎవరో ఇచ్చిన మజ్జిగ చివరి చుక్క దాకా తాగింది. ఇన్నేళ్ళలో మజ్జిగ ఇంత రుచిగా ఆమెకెప్పుడూ తగల్లేదు.

కేంద్రం ఆ రోజే మూతపడింది. మర్నాటి నుంచి డాక్టరు ఫోన్లు. "పాప ఏమైనా తిందా?" తవిటమ్మ జవాబు చెప్పకుండా పెట్టేసేది. "దగ్గు తగ్గిందా?" పెట్టేసేది. అవతల ఆయన గుండె ఎలా కొట్టుకుంటుందో ఆమెకి తెలుసు. తన గుండే కదా అది. కుసుమ మంచం మీంచి "అమ్మా, పడవ" అని కేకేస్తే, "వస్తున్నాలే" అని, చేతిలో జాకెట్టుకి హుక్కులు కుట్టడం పూర్తి చేసే లేచేది. మనసంతా ఫోను మీదే ఉండేది.

ఓ పొద్దున ఆయనే గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు పీక్కుపోయాయి.

"పాపని ఇలా వదిలేస్తే దక్కదండి. నాకు భయంగా ఉంది. రాయి మీద దింపుదాం."

"కోట గేటు చూస్తేనే ఊపిరి ఆగిపోద్ది మా పిల్లకి."

"రాయినే తెస్తాను."

"తెస్తారు సరే. దిగిందాన్ని ఎవరెక్కించుకుంటారు? గుడిసెల్లోంచి ఎవరినేనా తెస్తారా?"

ఆయన తల వంచుకున్నాడు. "నేనే ఎక్కించుకుంటాను."

"వినపడలేదు. వీధి వినాలి."

"నేనే! దిగతుడుపు మనిషిని నేనే!" అని ఆ వంశంలో చివరిరాజు మేదరవీధి నడిబజారులో ఏడ్చాడు.

రాజులందరూ ఆ రాయి దగ్గరికి నడిచి వెళ్ళారు. మొదటిసారి ఆ రాయి ఒకరి మంచం దగ్గరికి వచ్చింది. మోకులు కట్టి, బొంగుల మీద మోసుకొచ్చి, వసారాలో గది గడప పక్కన దింపితే నేల గచ్చు పగిలింది. తీగలు బిగించారు. పార్వతీశమూ గౌరీశ్వరీ మంచాన్ని గడప దాకా జరిపి, కుసుమని లేపి కూర్చోబెట్టి తడికాళ్ళు రాయికి ఆనించారు. పిల్ల ముందు అరిచింది. కాసేపటికి మంచం పట్టె వదిలింది. ఇంకాసేపటికి తల పైకెత్తి, "ఫ్యాను వెయ్యవే అమ్మా, ఉక్కగా ఉంది" అంది.

తవిటమ్మ ఫ్యాను వేసింది. తర్వాత రామభద్రరాజుని వసారా అంచున కూర్చోబెట్టి, ఆయన పాదాలు తన ముందుకి లాక్కుంది. గిన్నెడు కుంకుడురసం పోసి పీచుతో తోమింది. అరికాళ్ళు ఎర్రబడేదాకా, వేళ్ళ సందుల్లో కూడా తోమింది.

"జిడ్డు అంటకూడదు కదండీ" అంది.

ఆయన లేచి రాయెక్కాడు. కాసేపటికి, "బాబ్జీ ఇంటికి వచ్చాడా?" అని అందరినీ అడగడం మొదలుపెట్టాడు.

కుసుమ మళ్ళీ మనుషుల్లో పడింది. బట్టలకొట్లో ఉద్యోగంలో చేరింది. ఓ సాయంత్రం వాన పట్టి, బస్సులు ఆగిపోయి, బాగా చీకటి పడ్డాక తడిసి ఇల్లు చేరింది. వీధిమొగలో ఎవరో గొడుగు పట్టుకుని నిలబడి ఉంటే అమ్మే అనుకుని గబగబా నడిచింది. అమ్మ కాదు. రామభద్రరాజు. గొడుగు ఉన్నా నిలువునా తడిసి, టార్చిలైటుతో వచ్చే ప్రతి ఆటోలోకీ చూస్తున్నాడు. కుసుమని చూసి, "వచ్చేశావా తల్లీ" అని, అక్కడే బురదలో కూలబడ్డాడు.

ఇంట్లో తవిటమ్మ భోంచేసి, నడుం వాల్చి, హాయిగా గురకపెడుతోంది.

"అమ్మా! నేనింకా రాలేదని చూసుకోలేదా?"

"ఎక్కడికి పోతావే, వస్తావు కదా." తవిటమ్మ ఆవులించింది. "కంచంలో పెట్టి ఉంది తిను."

కుసుమ తినలేదు. తడిబట్టలతోనే వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమెకి ఎందుకో దుఃఖం ఆగలేదు. తల తుడుచుకోమని ఎవరూ అనలేదు. తనే తల తుడుచుకుని, "అమ్మా, రాయి వసారాలోనే ఉంది కదా. యంత్రం ఆయన దగ్గరుంది. ఆయన ఓసారి ఎక్కి దిగాక నువ్వు నిలబడవా? నీది నీకు కొంచెం తిరిగి వస్తుందేమో" అంది.

తవిటమ్మ లేచి కిటికీ తలుపు తోసింది. వాన ధారగా పడుతోంది. వీధిమొగలో ఆ గొడుగు ఇంకా కదల్లేదు. రాని బాబ్జీ కోసం, మునిగిన పడవల కోసం, ఇంట్లో గ్యాసు కట్టేశారో లేదో అని, టార్చిలైటు అటూ ఇటూ వణుకుతోంది. ఆమె చాలాసేపు చూసింది, వాకిట్లో పెట్టిన ముగ్గుని చూసుకున్నట్టు.

"అప్పుడు వాడికి తగ్గిపోద్ది కదే" అంది.